కర్నూలులో తాగుడు మానుతున్నవారి సమావేశాన్ని ఎలా కనుక్కోవాలి?

ప్రశ్న: హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. నా వయసు 43 ఏళ్ళు. కర్నూలు వన్‌టౌన్‌లో నాకు చిన్న ఇనుప సామాన్ల దుకాణం ఉంది. పద్దెనిమిదేళ్ళుగా తాగుతున్నాను. చివరి ఆరేళ్ళు, పొద్దున లేవగానే కొంత గొంతులో పడితే తప్ప చేతులు నిలవని స్థితిలో గడిపాను. గత నెలలో ఒక ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉండి బయటికి వచ్చాను. మందు ముట్టుకోక ఈ రోజుకు 26 రోజులు.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరుగారు ఇచ్చిన చీటీలో మాత్రల పేర్ల కింద, చివరి వరుసలో, "ఏఏ మీటింగ్‌కు తప్పక వెళ్ళాలి" అని రాశారు. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్ అని, తాగుడు మానినవాళ్ళు, మానాలనుకునేవాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే సంఘమని నర్సమ్మ చెప్పింది. కర్నూలులో అది ఎక్కడ జరుగుతుందని అడిగితే ఆమెకూ తెలియదు. ఆ చీటీని దుకాణంలో డబ్బు సొరుగులో పెట్టుకున్నాను. రోజుకు నాలుగుసార్లయినా తీసి చూస్తాను.

ఫోన్‌లో వెతికితే ఒక పాత జాబితా కనిపించింది. అందులో మన ఊరి చిరునామా ఒకటి ఉంటే, ఆదివారం సాయంత్రం వెతుక్కుంటూ వెళ్ళాను. అది ఒక బడి ఆవరణ. గేటు దగ్గర ఉన్న కాపలా మనిషి, "ఎప్పుడో జరిగేది సార్, కరోనా తరువాత ఎవరూ రావడం లేదు" అన్నాడు. తిరిగి వచ్చే దారిలో వైన్ షాపు ముందు బండి ఆపాను. దిగలేదు. ఎందుకు దిగలేదో నాకే తెలియదు. రెండోసారి కూడా దిగకుండా ఉంటానన్న నమ్మకం నాకు లేదు.

నేను మానలేనివాణ్ణి కాదు. గత మూడేళ్ళు వరుసగా అయ్యప్ప మాల వేసుకున్నాను. 41 రోజులు ఒక్క చుక్క ముట్టలేదు. ఆ రోజుల్లో నాకు పెద్దగా కష్టం కూడా అనిపించేది కాదు. కానీ మూడేళ్ళూ మాల విరమణ చేసిన రాత్రే మళ్ళీ మొదలుపెట్టాను. ఈ జనవరిలో కూడా అంతే జరిగింది. దేవుని ముందు నిలబడగలిగిన మనిషి ఇంటి ముందు ఎందుకు నిలబడలేకపోతున్నాడని మా ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే కష్టమైన సమయం సాయంత్రం. ఏడు గంటలకు షట్టర్ దించి, వంగి తాళం వేసి లేచేసరికి, కాళ్ళు ఎటు నడవాలో వాటికే తెలుసన్నట్టు ఉంటుంది.

నా సందేహాలు ఇవి. కర్నూలులో గానీ, రోజూ వెళ్ళి రాగలిగే దూరంలో గానీ ఇటువంటి సమావేశం ఉందో లేదో కచ్చితంగా ఎలా తెలుసుకోవాలి? డబ్బు కట్టాలా? ఎక్కువగా చర్చిలలో జరుగుతాయని విన్నాను. అది మతానికి సంబంధించినదా? మా వీధిలో అందరూ నన్ను ఎరుగుదురు. అక్కడికి వెళ్తే ఊరంతా తెలిసిపోతుందా? మా ఆవిడను వెంట తీసుకుని వెళ్ళవచ్చునా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: పన్నెండేళ్ళ వాడు (కడప)

అన్నా, నమస్కారం. నేను కడపవాణ్ణి. ఏఏ సభ్యుణ్ణి. తాగడం ఆపి పన్నెండో ఏడు నడుస్తోంది. మా సంఘంలో బహిరంగంగా పేరు చెప్పుకోకపోవడం ఆనవాయితీ కనుక, ఇక్కడ కూడా పేరు చెప్పడం లేదు.

మీరు ఆ బడి గేటు దగ్గరి నుంచి తిరిగి వచ్చానని రాసిన మాట దగ్గర ఆగిపోయాను. చిన్న ఊళ్ళలో ఒక్కొక్క గ్రూపు ఇద్దరు ముగ్గురు మనుషుల మీద నిలబడి ఉంటుంది. వారిలో ఒకరికి బదిలీ అయినా, ఒకరు మంచాన పడినా గది మూతపడుతుంది. జాబితాలో మాత్రం చిరునామా అలాగే ఉండిపోతుంది. అందుకని ఇకమీద చిరునామాను పట్టుకుని వెళ్ళకండి, మనిషిని పట్టుకుని వెళ్ళండి. ముందు ఒక సభ్యునితో ఫోన్‌లో మాట్లాడి, ఈ వారం సమావేశం ఉందా, ఏ రోజు, ఎన్ని గంటలకు, గుమ్మం దగ్గర ఎవరు ఉంటారు అని అడిగి, ఆ మనిషితో కలిసి వెళ్ళండి. కొత్తగా వచ్చేవారిని ఎదురు వెళ్ళి తీసుకురావడం మాలో ప్రతి ఒక్కరి బాధ్యత. మిమ్మల్ని ఎవరూ విసుక్కోరు.

ఆ మనిషి ఎలా దొరుకుతాడన్నది మీ అసలు ప్రశ్న. ముందుగా 14446కు ఫోన్ చేయండి. అది కేంద్ర సామాజిక న్యాయ శాఖ వారి వ్యసన విముక్తి సహాయ నంబరు, డబ్బు పడదు. మీకు దగ్గరలో ఏ కేంద్రం ఉందో వారు చెబుతారు. రాత్రిపూట మనసు నిలవకపోతే టెలీ మానస్ వారి 14416కు చేయవచ్చు. అక్కడ ఏ వేళకైనా తెలుగులో మాట్లాడే మనిషి ఉంటారు. రెండవది, మీ ఊరి పెద్దాసుపత్రి. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఓపీ చీటీ తీసుకుని, డాక్టరుగారిని చూశాక, కౌన్సెలరును ప్రత్యేకంగా కలవండి. చాలా ఊళ్ళలో ఏఏ సభ్యులకు అటువంటి వార్డులతో రాకపోకలు ఉంటాయి, ఎందుకంటే మేము కొత్తవారిని కలిసే చోటు అదే. "ఇక్కడికి వచ్చిపోయే ఏఏ సభ్యుడు ఎవరైనా ఉన్నారా, ఆయన ఒప్పుకుంటే నా నంబరు ఆయనకు ఇవ్వండి" అని అడగండి. మూడవది, ఏఏకు మన దేశంలో ముంబైలో సర్వసేవా కార్యాలయం ఉంది. వారి వెబ్‌సైటులో రాష్ట్రాలవారీగా ఫోన్ నంబర్లు ఉంటాయి. కర్నూలు నంబరు పలకకపోతే హైదరాబాదు నంబరుకు చేయండి. అక్కడ గ్రూపులు చాలా ఉన్నాయి, కర్నూలు వైపు సభ్యులు ఎవరైనా ఉంటే వారికి తెలిసే అవకాశం ఎక్కువ. ఇవన్నీ తేలేలోపు, ఫోన్‌లో వీడియో ద్వారా జరిగే సమావేశాలకు ఈ రాత్రే కూర్చోవచ్చు. మొహం చూపించనక్కరలేదు, మాట్లాడనక్కరలేదు.

ఇక మీరు మాల గురించి రాసినదాని గురించి చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు దానిలోనే ఉందని నాకు అనిపిస్తోంది. మాల వేసుకున్న 41 రోజులూ మీరు ఒంటరిగా లేరు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానానికి ఒక వేళ ఉంది, సాయంత్రం భజనకు ఒక వేళ ఉంది, మీ పక్కన అదే దీక్షలో ఉన్న పదిమంది స్వాములు ఉన్నారు, ఏమైనా అనుమానం వస్తే అడగడానికి గురుస్వామి ఉన్నాడు, దారిన పోయే ప్రతివాడూ మిమ్మల్ని "స్వామీ" అని పిలిచి మీరు దీక్షలో ఉన్నారని గుర్తుచేశాడు. షట్టర్ దించిన తరువాత మీ కాళ్ళకు వెళ్ళవలసిన చోటు ఒకటి ఉంది. మాల తీసిన రాత్రి ఇవన్నీ ఒక్కసారిగా పోయాయి, మీరు మాత్రం మిగిలారు. దేవుడు మిమ్మల్ని వదిలాడనో, మీ భక్తి చాలలేదనో అనుకోకండి. ఏఏలో ఆ మనుషులు, ఆ వేళ, ఆ అడిగేవాడు మళ్ళీ దొరుకుతారు; విరమణ అనేది మాత్రం ఉండదు. గురుస్వామి వంటి మనిషిని మేము స్పాన్సర్ అంటాం. ఆయన మీకంటే ముందు మానినవాడు, అంతకు మించి పెద్దరికం ఏమీ లేదు. జీవితాంతం తాగనని మా దగ్గర ఎవరూ ప్రమాణం చేయించరు. ఈ ఒక్క రోజుకు తాగకుండా ఉందాం అంటారు. రేపు మళ్ళీ అదే మాట.

గదిలో ఏం జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే తెలియని గుమ్మం దాటడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు, ఆ గది ముందు నుంచి రెండుసార్లు నడిచిపోయి మూడోసారి లోపలికి అడుగుపెట్టాను. ఏడెనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, దాని మీద టీ ఫ్లాస్కు. ఒకాయన లేచి నా కుర్చీని ఫ్యాను కిందికి జరిపాడు, నాకు చెమటలు పడుతున్నాయి కనుక. ఎందుకు వచ్చావని అడగలేదు. ఒకరు సంఘం గురించి నాలుగు వాక్యాలు చదివారు. కొద్దిసేపు మౌనంగా కూర్చున్నారు. తరువాత ఒక్కొక్కరు, "నా పేరు ఫలానా, నేను మద్యపాన రోగిని" అని మొదలుపెట్టి తమ కథ చెప్పారు. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డు రారు, సలహాలు ఇవ్వరు, తప్పుపట్టరు. ఒక బ్యాంకు ఉద్యోగి, పెళ్ళాం తాళిబొట్టు తాకట్టు పెట్టి తాగిన రోజు గురించి చెప్పాడు. నేను చేసినదీ అదే. అప్పటివరకు లోకంలో ఆ పని చేసినవాణ్ణి నేనొక్కడినేననుకున్నాను. గంటన్నరలో అయిపోయింది. నా వంతు వచ్చినప్పుడు నేను పేరు మాత్రం చెప్పి ఏడ్చాను. చాలు, రేపు రండి అన్నారు.

డబ్బు కట్టనక్కరలేదు. చివర్లో ఒక డబ్బా తిరుగుతుంది. గది అద్దెకు, టీ ఖర్చుకు సభ్యులు ఇష్టమున్నంత వేస్తారు, కొత్తవారిని వేయమని అడగరు. బయటివారి విరాళాలు కూడా సంఘం తీసుకోదు. ఎవరైనా ఏఏ పేరు చెప్పి చేరికకు రుసుము అడిగితే అది ఏఏ కాదని తెలుసుకోండి. సభ్యత్వానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. చర్చి వాళ్ళు గది తక్కువ అద్దెకు ఇస్తారు కనుక చాలాచోట్ల అక్కడ జరుగుతాయి. బడిలో, ఆసుపత్రిలో కూడా జరుగుతాయి. సంఘానికి ఏ మతంతోనూ సంబంధం లేదు. హాజరు పట్టీ ఉండదు. మిమ్మల్ని ఎరిగినవాడు ఆ గదిలో కనిపిస్తే, అతను కూడా మీరు వచ్చిన పనికే వచ్చి ఉంటాడు. మీ ఇంటావిడను బహిరంగ సమావేశానికి తీసుకురావచ్చు. సభ్యులకు మాత్రమే పరిమితమైనవి వేరే ఉంటాయి. ఫోన్‌లో ముందే అడగండి.

చివరిగా ఒక సంగతి. కర్నూలులో ఏ గ్రూపూ నడవడం లేదని తేలినా మీ దారి మూసుకుపోలేదు. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ వ్యాపారి, తాగుడు మాని ఐదారు నెలలైనవాడు, పని మీద అమెరికాలోని యాక్రన్ అనే ఊరికి వెళ్ళాడు. పని చెడింది. హోటలు వరండాలో ఒంటరిగా నిలబడ్డాడు. ఒక పక్క బార్, అందులోంచి నవ్వులు, ఇంకొక పక్క టెలిఫోను. ఆయన టెలిఫోను దగ్గరికి వెళ్ళి, చర్చిల పట్టికలోని నంబర్లకు వరుసగా ఫోన్ చేస్తూ, ఈ ఊళ్ళో నాలాంటి మరొక తాగుబోతు ఎవరైనా ఉన్నారా, నేను మాట్లాడాలి అని అడిగాడు. అలా దొరికినవాడు బాబ్ స్మిత్ అనే సర్జన్. పావుగంట కంటే ఎక్కువ కూర్చోనన్న ఆ డాక్టరు ఆ సాయంత్రం ఆరు గంటలకు పైగా కూర్చున్నాడు. ఆయన చివరిసారిగా తాగిన జూన్ 10నే సంఘం పుట్టిన రోజుగా లెక్కిస్తారు. మన దేశానికి అది 1957లో వచ్చింది. మానాలన్న కోరికతో ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే అదే ఒక గ్రూపు అని మా సంప్రదాయం చెబుతుంది. మీకు కావలసింది రెండో మనిషి. ఆ రెండో మనిషిగా ఫోన్‌లో నేను ఈ రోజు నుంచే ఉంటాను. మీకు ప్రత్యేక సందేశంలో నంబరు పంపాను. సాయంత్రం ఏడు గంటలకు షట్టర్ దించుతూనే చేయండి.

జవాబు: వార్డు నర్సు (కర్నూలు జిల్లా)

కడప అన్నగారు చెప్పినవి అన్నీ సరైనవి. నేను ఆసుపత్రి వైపు నుంచి కొన్ని మాటలు చేర్చాలి, ఎందుకంటే దీన్ని మాల వేసుకోబోయేవారు కూడా చదువుతారు.

రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే శరీరం తట్టుకోలేకపోవచ్చు. ఆఖరిసారి తాగిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడల మీద పురుగులు కనిపిస్తాయి, లేని మనుషులతో మాట్లాడతారు, జ్వరం, గుండె దడ ఉంటాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. కార్తీక మాసం మొదలైన మూడో రోజు, నాలుగో రోజు నల్లబట్టల్లోనే స్వాములను మా వార్డుకు మోసుకొచ్చిన సందర్భాలు ఉన్నాయి. నియమం తప్పినందుకు స్వామి ఆగ్రహించాడని ఇంట్లోవాళ్ళు గుడికి తీసుకుపోయి, ఒక పూట ఆలస్యం చేసి తెస్తారు. ఆ ఒక్క పూట చాలా విలువైనది. మాల వేసుకోవాలనుకుంటే దయచేసి పది రోజుల ముందే ఓపీకి రండి. మాత్రలతో, బీ1 విటమిన్ ఇంజెక్షన్లతో దాదాపు వారంలో ఆ గండం దాటించవచ్చు.

ప్రశ్న అడిగిన అన్నగారికి 26 రోజులైంది కనుక ఆ దశ దాటిపోయింది. కానీ ఎప్పుడైనా కాలు జారి వరుసగా కొన్ని రోజులు తాగితే, మళ్ళీ మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, నేరుగా ఆసుపత్రికి రండి. ఎవరూ తిట్టరు. తిడితే ఇంకొకరిని అడగండి, కానీ రావడం మానకండి.

ఇంట్లో ఆడవాళ్ళకు ఒక విన్నపం. అన్నంలో, కాఫీలో తెలియకుండా కలిపి పెట్టమని అమ్మే పొడులను, పసర్లను నమ్మకండి. తాగితే వాంతులు, దడ, మొహం ఎర్రబడటం వచ్చేలా చేసే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటి ఉంది. దాన్ని రోగికి చెప్పి, ఒప్పించి, గుండె, కాలేయం పరీక్షించి డాక్టరు మాత్రమే ఇవ్వాలి. ఆపిన తరువాత కూడా రెండు వారాల వరకు దాని ప్రభావం ఉండవచ్చు. తెలియకుండా అది కడుపులో ఉన్న మనిషి ఒక క్వార్టర్ తాగితే ఏమవుతుందో నేను చూశాను.

మీటింగ్‌ల వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా అని డిశ్చార్జి రోజున చాలామంది అడుగుతారు. 2020లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్షలో 27 అధ్యయనాలను, 10,565 మంది వివరాలను పరిశీలించారు. పద్ధతి ప్రకారం రోగిని ఏఏతో కలిపే చికిత్సలు, పూర్తిగా మానివేసి ఉండే విషయంలో ఇతర చికిత్సల కంటే మెరుగ్గా పనిచేశాయని తేలింది. అయితే మీటింగ్‌కు వెళ్తున్నామని డాక్టరు రాసిన మాత్రలు ఆపకండి. ఎవరైనా సభ్యుడు ఆపమని చెప్పినా వినకండి. సభ్యులు వైద్యులుగా వ్యవహరించకూడదని ఏఏ వారే చెబుతారు.

జవాబు: నల్లమల (నంద్యాల)

ఈ చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. నా వయసు 27. నాకు దేవుని మీద నమ్మకం లేదు. ఏఏ సభ్యులు అనుసరించే పన్నెండు మెట్లు అనే సూత్రాలలో దేవుని మాట చాలాసార్లు వస్తుందని చదివాను. నాలాంటివాడికి అక్కడ చోటు ఉంటుందా?

జవాబు: పన్నెండేళ్ళ వాడు (కడప)

ఉంటుంది తమ్ముడూ. మెట్లలో దేవుని మాట వస్తుంది, దాచడం లేదు. కానీ అక్కడ "మేము అర్థం చేసుకున్న మేరకు" అన్న మాట కూడా ఉంది. మొదటి రెండేళ్ళు నాకు నాకంటే పెద్ద శక్తి అంటే ఆ గదిలోని ఎనిమిది కుర్చీలే. మా గ్రూపులో నమాజు చేసేవాడు ఉన్నాడు, గుడికి పోయేవాడు ఉన్నాడు, దేనికీ పోనివాడూ ఉన్నాడు. అయినా మీకు ఇమడకపోతే, 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ అనే పద్ధతి ఉంది. దానిలో దేవుని ప్రస్తావన ఉండదు. ఆలోచనలను, కోరికలను గమనించి మార్చుకునే అభ్యాసాలు ఉంటాయి. దాని సమావేశాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మీ వయసులో నేను ఈ ప్రశ్న అడగలేకపోయాను. ఏదో ఒక గదిలోకి వెళ్ళండి.

జవాబు: గడియార స్తంభం (అనంతపురం)

అన్నగారూ, నేను ఈ మాటలు మీ ఇంటావిడ కోసం రాస్తున్నాను. వీలైతే ఆమెకు చదివి వినిపించండి.

మా ఆయన తాగిన పదకొండేళ్ళలో నేను ఇంట్లో సీసాలు వెతకడం ఒక ఉద్యోగంగా చేశాను. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికేదాన్ని. ఆయన మానేసిన తరువాత కూడా, పప్పు కొలవడానికి డబ్బా తీసినప్పుడల్లా నా చెయ్యి అడుగుదాకా వెళ్ళి చూసి వచ్చేది. అంటే ఆయన ఆసుపత్రి నుంచి బాగుపడి వచ్చారు, నేను బాగుపడలేదు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

మేము తప్పు దారి కూడా తొక్కాము. బంధువుల మాట విని ఒక ప్రైవేటు కేంద్రానికి ఫోన్ చేశాను. రాత్రి పదకొండు గంటలకు నలుగురు వచ్చి ఆయనను వ్యానులో ఎక్కించుకుపోయారు. మూడు నెలలు చూడనివ్వలేదు, నెలనెలా డబ్బు కట్టించుకున్నారు. వచ్చినప్పుడు వీపు మీద గుర్తులు ఉన్నాయి. వచ్చిన నాలుగో రోజే తాగారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం ఇటువంటి చికిత్సా కేంద్రాలకు రిజిస్ట్రేషన్ ఉండాలని, రోగిని హింసించకూడదని నాకు ఆ తరువాత తెలిసింది. కనుక ఎక్కడికైనా పంపేముందు రిజిస్ట్రేషన్ పత్రం చూపించమని అడగండి, లోపలి గదులు చూడండి, వారానికొకసారి కలవనిస్తారా అని అడగండి. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి నసిగినా వెనక్కి వచ్చేయండి.

తరువాత బెంగళూరులోని నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థకు వెళ్ళాము. అనంతపురం నుంచి రైలులో వెళ్ళి రావడం మాకు అలవాటే. అక్కడ వ్యసన వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. అక్కడ ఒక డాక్టరమ్మ మా ఆయనతో అరగంట మాట్లాడి, తరువాత ఆయనను బయట కూర్చోబెట్టి, "ఇప్పుడు మీ సంగతి చెప్పండి" అని నన్ను అడిగారు. పదకొండేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. అల్-అనాన్ అని తాగేవారి కుటుంబాలకు వేరే సంఘం ఉందని ఆవిడే చెప్పారు. కడప అన్నగారు చెప్పిన బిల్ విల్సన్ భార్య లోయిస్ మరొకావిడతో కలిసి 1951లో దాన్ని స్థాపించారట. ఆయన తాగడం పూర్తిగా మానేసిన తరువాత కూడా ఆమెకు అటువంటి చోటు అవసరమైందంటే, నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. తాగుడును మనం తెప్పించలేదు, మనం అదుపు చేయలేము, మనం నయం చేయలేము అని అక్కడ అంటారు. ఆ మూడో మాట అంగీకరించడానికి నాకు ఏడాది పట్టింది.

మా అత్తగారు ఒక మాట చెప్పేవారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995లో మొత్తం మద్యమే నిషేధించారు. అప్పుడు ఆమె దేవునికి టెంకాయ కొట్టారట. కానీ మా మామగారు బళ్లారి వైపు నుంచి వచ్చే సరుకు కోసం బస్సెక్కేవారట. 1997లో నిషేధం సడలించేనాటికి ఆయన ఆరోగ్యం ఎలాగూ పోయింది. దుకాణాలు మూయించడానికి పోరాడిన ఆ తల్లులకు చేతులెత్తి మొక్కుతాను. కానీ మా మామగారికి వెళ్ళి కూర్చోవడానికి ఒక గది ఉండి ఉంటే అని కూడా అనుకుంటాను.

మీ ఊళ్ళో అల్-అనాన్ లేకపోతే ఆన్‌లైన్‌లో కూర్చోమనండి. బహిరంగ మీటింగ్‌కు మీతో పాటు తీసుకుని వెళ్ళండి. ఆమెకు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే, నేను మధ్యాహ్నం రెండు గంటల తరువాత ఖాళీగా ఉంటాను.

ఆరు వారాల తరువాత: హంద్రీ ఒడ్డు (కర్నూలు)

మీ అందరికీ జరిగినది చెప్పవలసిన బాధ్యత నాకు ఉంది.

కడప అన్న చెప్పినట్టే ఆ సాయంత్రం షట్టర్ దించి ఫోన్ చేశాను. ఇరవై రోజులు రోజూ అదే వేళకు మాట్లాడుకున్నాము. ఆయన ఏం చెప్పారని మా ఆవిడ అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. అన్నం తిన్నావా, ఈ రోజు ఎవరితోనైనా గొడవపడ్డావా, నిద్ర పట్టిందా అని అడిగేవారు. తన సంగతులు చెప్పేవారు. ఇల్లు చేరేదాకా మాట్లాడి పెట్టేసేవారు.

14446కు ఫోన్ చేస్తే వారు దగ్గరలోని కేంద్రం వివరాలు ఇచ్చారు. అక్కడి కౌన్సెలరు నా నంబరు తీసుకుని, వారం తిరగకముందే ఒక పెద్దమనిషిని నాకు కలిపారు. రిటైరైన ఉద్యోగి. ఆయన ఒకరోజు సాయంత్రం నేరుగా దుకాణానికి వచ్చి, నేను వంగి తాళం వేస్తుంటే షట్టరు మీద కాలు పెట్టి నొక్కి పట్టుకున్నారు. ఆయన బండి వెనకాల కూర్చుని వెళ్ళాను. ఆ చోటు పేరు ఇక్కడ రాయడం లేదు. మేము ఉన్నది నలుగురం. ఇద్దరికి ఊళ్ళో ఉద్యోగాలు ఉన్నాయి.

మొదటి రోజు నేను కూడా పేరు తప్ప ఏమీ చెప్పలేకపోయాను. మూడో వారం మాల సంగతి చెప్పాను. నా ఎదురుగా కూర్చున్న ఆటో నడిపే ఆయన, తాను ఏడేళ్ళు మాల వేసుకున్నానని, ఏడుసార్లూ తీసిన రాత్రే తాగానని అన్నాడు. నేను మూడేళ్ళుగా ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయాను. అతను నా దుకాణానికి రెండు వీధుల అవతల ఉంటాడు.

మధ్యలో ఒకరోజు చాలా దగ్గరికి వెళ్ళాను. పెళ్ళి భోజనం దగ్గర బావమరిది గ్లాసు చేతికిచ్చాడు. తీసుకున్నాను. కింద పెట్టి బయటికి వచ్చి ఆటో ఆయనకు ఫోన్ చేశాను. ఆయన ఏమీ అడగకుండా వచ్చి నన్ను ఇంటి దగ్గర దించి వెళ్ళాడు.

మా ఆవిడ అనంతపురం అక్కతో మాట్లాడుతోంది. వాళ్ళు ఏం మాట్లాడుకుంటారో నేను అడగను.

నంద్యాల తమ్ముడు, ఇంకా ఆదోని, డోన్, ఎమ్మిగనూరు వైపు ఎవరైనా ఉంటే నాకు ప్రత్యేక సందేశం పంపండి, చోటు చెబుతాను. గది తాళం ఉండే పెద్దమనిషి వచ్చే ఆదివారం ఊళ్ళో ఉండరు కనుక తాళంచెవి నాకు ఇచ్చి వెళ్ళారు. డాక్టరుగారి చీటీ ఉన్న సొరుగులోనే పెట్టాను. ఆరు గంటలకు తలుపు తీసి, కుర్చీలు వేసి ఉంచుతాను.